మాటల్లేని చోట ఇళయరాజా: మీ మనసులో నిలిచిపోయిన నేపథ్య సంగీతం ఏది?

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 9:05

ఈ వేదికలో రాజా గారి పాటల మీద లెక్కలేనన్ని చర్చలు నడిచాయి. ఈసారి పాటలు పక్కన పెడదాం. ఎవరూ పాడని చోట ఆయన ఏం వాయించారన్నదే ఈ చర్చ. టైటిల్ మ్యూజిక్ కావచ్చు, ఒక పాత్ర వచ్చినప్పుడల్లా వినిపించే ట్యూన్ కావచ్చు, సినిమా మొత్తంలో ఒకే ఒక్కసారి పది సెకన్లు వినిపించి మాయమైపోయిన బిట్ కావచ్చు. ఒక్కొక్కరూ ఒక్కటే చెప్పండి. ఎందుకు నచ్చిందో కూడా చెప్పండి, పేరు రాసి వెళ్ళిపోకండి.

నాతో మొదలుపెడతాను. మా మేనమామ రాజమండ్రిలో ఒక థియేటర్లో ఆపరేటర్. వేసవి సెలవులిస్తే నా మకాం ఆయన క్యాబిన్లోనే. ప్రొజెక్టర్ చప్పుడులో డైలాగులు సగమే అర్థమయ్యేవి. బొమ్మ, సంగీతం మాత్రం పూర్తిగా అందేవి. 1983లో "సాగర సంగమం" అలాగే చూశాను, ఎన్ని ఆటలో లెక్కపెట్టలేదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అందులో మాధవి ఒక పుస్తకం తెచ్చి బాలు చేతికిచ్చే సీన్ ఉంది కదా. నృత్యోత్సవం ఆహ్వానపత్రిక అది. పేజీ తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటాడు. ఇంకో పేజీ తిప్పితే అందులో తన ఫొటోయే ఉంటుంది. అక్కడ కమల్‌హాసన్ ముఖం చూడండి. నమ్మలేడు, నవ్వలేడు, ఏడవలేడు. నాకు అప్పట్లో ఏ వాయిద్యం ఏదో తెలియదు, రాగం అంటే ఏమిటో అసలే తెలియదు. అయినా ఆ ముఖం మీద జరుగుతున్నదే నా చెవిలోనూ జరుగుతున్నట్టు అనిపించింది. మా మామయ్య రీలు మార్చే హడావుడిలో ఉండి కూడా ఆ సీను వస్తే ఒక్క క్షణం కిటికీ దగ్గరికి వచ్చి చూసేవాడు. రోజూ చూసే మనిషి అలా వచ్చి చూడడమే నాకు పెద్ద గుర్తు.

ఇక మీ వంతు.


రాత్రిరేడియో
ఆదివారం, రాత్రి 9:31

గీతాంజలి. 1989. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఊటీ మంచు, పి.సి. శ్రీరామ్ గారి కెమెరా, ఆ తెల్లటి పొగలో నడిచొచ్చే వయొలిన్లు. ఇద్దరికీ చావు దగ్గరలోనే ఉందని మనకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా ఆ సంగీతం ఎక్కడా ఏడవదు. అదే నాకు ఆశ్చర్యం. వేరే ఎవరైనా అయితే మొదటి రీలు నుంచే షెహనాయి పట్టుకుని కూర్చునేవారు. రాజా గారు మాత్రం గిరిజ అల్లరికి తగ్గట్టు అల్లరిగానే వాయించారు. బాధ దాని అడుగున ఎక్కడో పారుతూ ఉంటుంది. అది విన్నవాళ్ళకే వినబడుతుంది.


పాతక్యాసెట్
ఆదివారం, రాత్రి 9:48

మంచి చర్చ మొదలుపెట్టారు గోదారిగట్టు గారూ. ముందు ఒక మాట. జనం రాజా గారిని పాటల మనిషి అనే అనుకుంటారు. ఆయనకు వచ్చిన ఐదు జాతీయ అవార్డులు చూడండి. సాగర సంగమం, సింధు భైరవి, రుద్రవీణ, ఈ మూడూ సంగీత దర్శకుడిగా వచ్చాయి. 2009 సినిమాల నుంచి పాటలకు ఒకటి, నేపథ్య సంగీతానికి ఒకటి విడిగా ఇవ్వడం మొదలుపెట్టాక, ఆ ఏడాది నేపథ్యానికి వచ్చింది ఆయనకే, మలయాళం "పళశ్శిరాజా"కి. ఆ తర్వాత తమిళం "తారై తప్పట్టై"కి కూడా నేపథ్యానికే. అంటే మనం ఇక్కడ మాట్లాడుకునేది ఆయన పనిలో సగభాగం. తోకముక్క కాదు.

నా ఎంపిక "నాయకుడు", 1987. "నీ గూడు చెదిరింది" పాట ట్యూన్. పాటలు వద్దన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను, నేను పాట గురించి మాట్లాడడం లేదు. ఆ ట్యూన్ సినిమాలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. తల్లీతండ్రీ లేని పిల్లవాడి పాట అది. వాడు పెద్దవాడై, ఊరందరికీ దేవుడై, మనవడి తాతై, ఎంత ఎదిగినా ఆ ట్యూన్ వినబడితే చాలు, మనకు ఆ పిల్లవాడే కనబడతాడు. అందరూ ఆయన్ని నాయకుడు అంటుంటే సంగీతం ఒక్కటే "నువ్వు ఇంకా దిక్కులేని పిల్లాడివే" అంటుంటుంది.


తెనాలిమల్లి
ఆదివారం, రాత్రి 10:02

మౌనరాగంలో కార్తీక్ ట్యూన్. అతను సినిమాలో ఉండేది కొద్దిసేపే. కానీ ఆ ట్యూన్ వల్ల సినిమా అంతా ఉన్నట్టు ఉంటాడు. మా అక్క పెళ్ళికి ముందు రోజు రాత్రి ఇద్దరం కూర్చుని ఆ సినిమా చూశాం. ఇంతకంటే ఎక్కువ రాయలేను.


వయొలిన్‌సీత
ఆదివారం, రాత్రి 10:20

నేను విజయవాడలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. కర్ణాటక పద్ధతిలోనే నేర్చుకున్నాను, అదే నేర్పుతాను. పాశ్చాత్య సంగీతం తర్వాత నా ఇష్టం కొద్దీ చదువుకున్నాను. రాత్రిరేడియో గారు "బాధ అడుగున పారుతుంది" అన్నారు కదా. అది కవిత్వం అనుకోకండి, అక్షరాలా నిజం. కొంచెం వివరంగా చెబుతాను.

మన కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది. ఒకే దారి, ఇద్దరు నడుస్తారు. రాజా గారి వయొలిన్లు అలా ఉండవు. పైన కొందరు ఒక ట్యూన్ వాయిస్తుంటారు, కింద ఇంకొందరు పూర్తిగా వేరే ట్యూన్ వాయిస్తుంటారు, అటుపక్క చెల్లోలు (బరువైన గొంతున్న పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యాలు) మూడో దారిలో పోతుంటాయి. దేనికది విడిగా విన్నా బాగుంటుంది, కలిపి విన్నా ఒకదాన్నొకటి తన్నుకోవు. దీన్నే కౌంటర్‌పాయింట్ అంటారు. జర్మన్ సంగీతకారుడు బాఖ్ సంగీతం అంతా దీని మీదే నిలబడింది. రాజా గారు మద్రాసు వచ్చాక ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకున్నది ఈ విద్యే. అందుకే ఆయన సంగీతంలో పైకి సంతోషం, లోపల దిగులు ఒకేసారి వినిపించగలవు. ఒకే ట్యూన్‌తో రెండూ చెప్పాలంటే చాలా కష్టం. రెండు ట్యూన్లు ఉంటే ఒకటి నవ్వుతుంది, ఒకటి కళ్ళు తుడుచుకుంటుంది.

1986లో ఆయన సినిమాకి సంబంధం లేకుండా "హౌ టు నేమ్ ఇట్" అని ఒక ఆల్బమ్ చేశారు. త్యాగరాజుకీ బాఖ్‌కీ అంకితమిచ్చారు. అందులో వయొలిన్ వాయించింది వి.ఎస్. నరసింహన్ గారు. నేను సినిమా పేరు చెప్పకుండా ఈ ఆల్బమ్ పేరు చెబితే నిబంధన తప్పినట్టా?


గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 10:27

తప్పినట్టు కాదమ్మా. బాలు మహేంద్ర గారు తమిళంలో తీసిన "వీడు" సినిమాకి నేపథ్యంగా వాడుకున్నది ఆ ఆల్బమ్‌నే. కాబట్టి అది కూడా సినిమా సంగీతమే అయింది. మీ ఓటు లెక్కలోకి వస్తుంది.


వయొలిన్‌సీత
ఆదివారం, రాత్రి 10:33

అయితే ఓటు అక్కర్లేదు, వేరేది చెబుతాను. గీతాంజలే. రాత్రిరేడియో గారికి తోడుగా ఉంటాను.


డల్లాస్‌వెంకి
సోమవారం, ఉదయం 8:14

ఇక్కడ నాకింకా ఆదివారమే. రెండు గంటల నుంచి ఇవి చదువుతూ ఒక్కొక్కటీ వెతికి వింటున్నాను.

నాది దళపతి. పుట్టిన పసివాణ్ణి గూడ్స్ రైల్లో వదిలేస్తుంది తల్లి. సినిమా మొదట్లో ఆ భాగం అంతా నలుపు తెలుపులో ఉంటుంది. "ఆడజన్మకు ఎన్ని శోకాలో" పాట ట్యూన్ ఆ తల్లీకొడుకులది. తర్వాత సినిమాలో ఎక్కడ రైలు కూత వినిపించినా, ఆ ట్యూన్ కదిలినా, ఆమె చెయ్యి గుండె మీదికి పోతుంది. గుడిలో ఒక సీన్ ఉంది. దూరంగా రైలు పోతుంటుంది. ఆమె వింటుంది. కొంచెం దూరంలో అతనూ వింటాడు. ఇద్దరూ ఒకే రైలు గురించి బాధపడుతున్నారని ఇద్దరికీ తెలియదు. మనకు తెలుసు. మనకు చెప్పింది ఎవరు? డైలాగ్ రైటరా? కాదు, సంగీతమే.

నేను అమెరికా వచ్చిన కొత్తలో మా ఇంటి వెనక గూడ్స్ ట్రాక్ ఉండేది. రాత్రి రెండింటికి బండి పోయేది. అమ్మ ఫోన్లో "ఆ చప్పుడేంట్రా" అని అడిగేది. రైలమ్మా అని చెప్పి ఆ సీను గుర్తొచ్చి మాట మార్చేసేవాణ్ణి.


పాతక్యాసెట్
సోమవారం, ఉదయం 9:40

డల్లాస్‌వెంకి గారు చెప్పిన దాంట్లోనే నా వాదన ఉంది. ఆ ట్యూన్‌ని సినిమా చూడని మనిషికి వినిపించండి. బాగుందంటాడు, అంతే. గుండె మీద చెయ్యి పెట్టుకోడు. నేపథ్య సంగీతానికి సొంత ప్రాణం ఉండదు, దానికి బొమ్మే ప్రాణం. కాబట్టి సీనులోంచి కోసి రింగ్‌టోన్ చేసుకుని వినేవాళ్ళు దాన్ని సగమే వింటున్నారని నా అభిప్రాయం. సీతగారు ఏమంటారో.


వయొలిన్‌సీత
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను ఒప్పుకోను పాతక్యాసెట్ గారూ.

పోయిన ఏడాది నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నలుగురికి గీతాంజలిలోని ఒక చిన్న బిట్ స్వరాలు రాసి ఇచ్చాను. అది ఏ సినిమాలోదో చెప్పలేదు. వాళ్ళందరూ పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళు, ఆ సినిమా పేరు కూడా వినలేదు. ఇద్దరు పై ట్యూన్, ఇద్దరు కింది ట్యూన్ సాధన చేశారు. విడివిడిగా వాయించినంతసేపూ మామూలు పాఠమే. మూడో రోజు నలుగురినీ కలిపి వాయించమన్నాను. పూర్తయ్యాక ఎవరూ విల్లు దించలేదు. ఒక పాప "మేడం, ఇది ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది" అంది. నేను ఏ బొమ్మా చూపించలేదు, ఏ కథా చెప్పలేదు.

ప్రాణం సంగీతంలోనే ఉంది. బొమ్మ దానికి ఒక చిరునామా ఇస్తుంది.


పాతక్యాసెట్
సోమవారం, మధ్యాహ్నం 1:52

ఆ పాప మాట విన్నాక నా వాదన కొంచెం సవరించుకుంటాను. గీతాంజలి విషయంలో మీరన్నది నిజం కావచ్చు. దళపతి విషయంలో నాది నిజం. అక్కడ రైలు కూత కూడా సంగీతంలో భాగమే. బొమ్మ తీసేస్తే అది ఉత్త శబ్దం.

ఇంకొకటి గుర్తొచ్చింది. "హే రామ్", 2000. ముందు వేరే సంగీత దర్శకుడితో పాటలు చేయించి, వాటిమీద చిత్రీకరణ కూడా చేసేశారు. తర్వాత రాజా గారి చేతికి వచ్చింది. ఆయన అప్పటికే తీసేసిన బొమ్మకి, పెదాల కదలికకి, అడుగులకి సరిపోయేట్టు కొత్త పాటలు కట్టారు. మామూలుగా సంగీతం ముందు, బొమ్మ తర్వాత. అక్కడ తిరగబడింది. బొమ్మను చూసి అంత బిగువుగా అల్లగలగడం ఎలా వచ్చిందంటే, వందల సినిమాలకి రీరికార్డింగ్, అంటే తీసిన బొమ్మకి నేపథ్య సంగీతం కట్టే పని, చేసిన చెయ్యి కాబట్టే వచ్చింది. నేపథ్యం చేసిన మనిషి కాబట్టే అలాంటి పాటలు కట్టగలిగారు.


రాత్రిరేడియో
సోమవారం, మధ్యాహ్నం 2:10

ఆయన ఆర్‌ఆర్ (రీరికార్డింగ్) చేసే పద్ధతి గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా రాయండి. రీలు చూసి అక్కడికక్కడే రాసేస్తారంటారు, నిజమేనా?


పాతక్యాసెట్
సోమవారం, మధ్యాహ్నం 2:38

నిజమే. ఆయనతో పనిచేసినవాళ్ళు ఇంటర్వ్యూల్లో చాలామంది చెప్పిన సంగతే. రీలు వేసి చూస్తారు. చూశాక కూర్చుని కాగితం మీద స్టాఫ్ నొటేషన్‌లో, అంటే పాశ్చాత్య సంగీత లిపిలో రాస్తారు. ముందు హార్మోనియం మీద వాయించి చూసుకోవడం కూడా ఉండదు, నేరుగా రాతే. ఫ్లూట్‌కి ఒక వరస, వయొలిన్లకి ఇంకో వరస, బేస్ గిటార్‌కి మరొకటి. వాటిని ఎత్తి రాసేవాళ్ళు ఎత్తి రాసి వాద్యకారుల ముందు స్టాండ్ల మీద పెడతారు. అందరూ కలిసి వాయించినప్పుడే గదిలో మొదటిసారి ఆ సంగీతం బయటికి వినబడుతుంది. అప్పటిదాకా అది ఆయన తలలోనే ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఇదంతా మద్రాసు ప్రసాద్ స్టూడియోలోనే జరిగింది.

వాద్యకారుల పేర్లు కూడా ఒకసారి తలుచుకుందాం. గిటార్ సదానందం, కీబోర్డు విజి మాన్యుయేల్, బేస్ శశిధరన్, ఫ్లూట్ నెపోలియన్, డ్రమ్స్ పురుషోత్తమన్. క్యాసెట్ మీద వీళ్ళ పేర్లు ఉండేవి కావు. మనం గుర్తుపట్టే ఆ గిటార్, ఆ ఫ్లూట్ ఈ మనుషుల వేళ్ళు, ఊపిరి.


కొత్తచెవులు
సోమవారం, రాత్రి 8:45

అందరికీ నమస్కారం. నాకు ఇరవై రెండేళ్ళు, ఈ వేదికలో ఇదే మొదటి పోస్టు. "శివ" మళ్ళీ విడుదలైనప్పుడు 2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో చూశాను. సైకిల్ చైన్ సీన్‌లో జనం అరుపులకి నాకు సంగీతం వినబడలేదు. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ సీన్ మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాను. అప్పటి నుంచి రాజా గారి సినిమాలు వరసగా చూస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. నా ఓటు ప్రస్తుతానికి శివలో, పాపను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తప్పించుకునే చేజ్. నా వయసువాళ్ళు కూడా సీటు చివరికి వచ్చేశారు.

మీ అందరినీ ఒక సాయం అడగాలి. మా నాన్న గడ్డం గీసుకునేటప్పుడు రోజూ ఒక ట్యూన్ కూనిరాగం తీస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే. అది ఫోన్ కంపెనీ ప్రకటనలో వచ్చే ట్యూన్ అని అందరం అనుకునేవాళ్ళం. ఐడియా వాళ్ళది. నాన్న కూడా "ఏమో, ఎక్కడో విన్నాను" అనేవారు. ఈ మధ్య గమనించింది ఏమిటంటే, ప్రకటనలో ఆ ట్యూన్ ఆగిపోయే చోట నాన్న ఆగరు. ఇంకా కొంచెం ముందుకు వెళ్ళి, ఒక మలుపు తిప్పి అప్పుడు ఆపుతారు. ఆ మిగతా ముక్క ఎక్కడిది? ఇది రాజా గారిదేనా అని నాకు అనుమానం. ఆయన చేసిన ఇతర సంగీతం వింటుంటే చేతిరాత ఒకటే అనిపిస్తోంది.


తెనాలిమల్లి
సోమవారం, రాత్రి 8:58

తమ్ముడూ, చేతిరాత గుర్తుపట్టావంటే నీ చెవులు కొత్తవి కావు.


బళ్ళారిబాబు
సోమవారం, రాత్రి 9:20

నేను సాధారణంగా చదివి వెళ్ళిపోతాను. దీనికి మాత్రం జవాబు రాయకుండా ఉండలేను.

బాబూ, మీ అనుమానం నూటికి నూరుపాళ్ళు నిజం. అది "పల్లవి అను పల్లవి" సినిమా ట్యూన్. కన్నడ సినిమా, 1983. మణిరత్నం గారి మొట్టమొదటి సినిమా. హీరో అనిల్ కపూర్, హీరోయిన్ లక్ష్మి, కెమెరా బాలు మహేంద్ర. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ట్యూన్‌నే ఫోన్ ప్రకటనకి వాడుకున్నారు. దేశమంతా ఫోన్ ట్యూన్ అనుకుంది. మా బళ్ళారిలో మాత్రం ప్రకటన మొదటిసారి టీవీలో వచ్చిన రోజు మా ఇంట్లో అందరం ఒకేసారి తలెత్తి చూశాం. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, సినిమాలు రెండు భాషల్లోనూ చూస్తాం.

మీ నాన్నగారు ఆ రోజుల్లో కర్ణాటకలో ఏమైనా ఉన్నారా?


కొత్తచెవులు
సోమవారం, రాత్రి 9:26

బాబుగారూ! నాన్న పెళ్ళికి ముందు బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేశారు. ఏ సంవత్సరమో నాకు తెలియదు. ఇప్పుడు పడుకున్నారు. పొద్దున్న అడుగుతాను.


బళ్ళారిబాబు
సోమవారం, రాత్రి 9:50

అడగండి. ఈలోగా నా ఓటు కూడా వేసేస్తాను, అదే సినిమాకి.

రాజా గారికి కన్నడంతో బంధం కొత్తది కాదు. ఆయన సొంతంగా సినిమాలు మొదలుపెట్టక ముందు జి.కె. వెంకటేశ్ గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. వెంకటేశ్ గారంటే కన్నడంలో రాజ్‌కుమార్ సినిమాలకి పెద్ద దిక్కు. అంటే 1976లో "అన్నక్కిళి" రాకముందే రాజా గారి చెయ్యి మా సినిమాల్లో పడింది. 1981లో శంకర్ నాగ్ గారి "గీత"కి ఆయన చేసిన ట్యూన్ ఒకటి 2007లో హిందీ "చీనీ కమ్"లో మళ్ళీ వచ్చింది. ఆ సినిమాలోనే టైటిల్ పాట, మన మౌనరాగంలో "మల్లెపూల చల్లగాలి" ట్యూన్. ఇవన్నీ ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ మన చెవిలోనే పడుతుంటాయి.

పల్లవి అను పల్లవి ప్రత్యేకత ఏమిటంటే, అందులో ఎవరూ గట్టిగా అరవరు. భర్తకు దూరంగా ఉంటున్న ఒక పెద్దావిడ, ఆమె కంటే చిన్నవాడైన ఒక కుర్రాడు, వాళ్ళ మధ్య స్నేహం. దానికి పేరు పెట్టలేం. ఆ ట్యూన్ కూడా అంతే, ఒక పేరు దగ్గర ఆగదు. అందుకే సీతగారి మాటకి నా మద్దతు. కథ తెలియకుండా, సినిమా పేరు కూడా తెలియకుండా ఇంతమంది దాన్ని ఏళ్ళ తరబడి పట్టుకున్నారంటే ప్రాణం ట్యూన్‌లోనే ఉండాలి.


పాతక్యాసెట్
సోమవారం, రాత్రి 10:05

ఇద్దరు ఒక వైపు అయ్యారు. అయినా నేను దళపతి దగ్గరే నిలబడతాను.


డల్లాస్‌వెంకి
సోమవారం, రాత్రి 10:11

నేనూ అక్కడే, పాతక్యాసెట్ గారి పక్కనే.


పాపికొండలు
సోమవారం, రాత్రి 10:40

వంశీ గారి సినిమాలు ఎవరూ ఎత్తలేదేంటి? అన్వేషణ (1985) గురించి రాయకుండా ఈ చర్చ పూర్తికాదు.

పక్షుల కూతల మీద పరిశోధన చేయడానికి ఒక అమ్మాయి అడవికి వస్తుంది. అక్కడేమో హత్యలు, అందరూ పులి అంటారు. ఇలాంటి కథ దొరికితే రాజా గారు ఊరుకుంటారా! అడవి అందమూ అదే, అడవి భయమూ అదే. పగలు ఆహ్లాదంగా వినిపించిన ఫ్లూట్ రాత్రయ్యేసరికి ఒళ్ళు జలదరించేలా చేస్తుంది. భానుప్రియ ఒక్కతే చెట్ల మధ్య నడుస్తుంటే, ఇది పిట్టా, మనిషా, వాయిద్యమా అని మనం చెవులు రిక్కించి వింటాం. వంశీ గారు కూడా బొమ్మల్ని తాళానికి కత్తిరించినట్టు కత్తిరిస్తారు. ఎక్కడ ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో తెలియదు.

సితారలో ఆ పాడుబడ్డ కోట కూడా అంతే. 1984. గోడలు, మెట్లు, నీడలు. ఆ కోటకి గతం ఉందని ముందు మనకు చెప్పేది సంగీతమే. రెండు చెప్పేశాను, క్షమించండి గోదారిగట్టు గారూ. మా గోదావరి వాళ్ళకి వంశీ, రాజా ఇద్దరూ కలిస్తే ఒకటి దగ్గర ఆగడం కుదరదు.


గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10:52

గోదావరి పేరు చెప్పి నిబంధన దాటారు కాబట్టి రెండూ రాసుకున్నాను.


థేమ్స్‌తెలుగు
సోమవారం, రాత్రి 11:30

చిన్న పోస్టు. 2025 మార్చి 8న లండన్ ఈవెంటిమ్ అపోలోలో ఆయన సింఫనీ "వాలియంట్" విన్నాను. రాయల్ ఫిల్హార్మోనిక్ వాళ్ళ వాద్యబృందం వాయించింది. సినిమా లేదు, హీరో లేడు, కథ లేదు. నా పక్కన కూర్చున్న ఆయన తమిళుడు, వెనక వరసలో తెలుగువాళ్ళు, ముందు ఇంగ్లీషు దంపతులు. సింఫనీ సాగుతున్నంతసేపూ ఎవరూ కదల్లేదు. ఎనభై దాటిన మనిషి తలలోంచి వచ్చిన సంగీతం అది. పాతక్యాసెట్ గారికి ఇది వాదన కోసం కాదు, విన్నది చెప్పాలనిపించి రాశాను.


రుద్రవీణ88
మంగళవారం, ఉదయం 6:50

నా పేరులోనే నా ఓటు ఉంది. బిళహరి గణపతి శాస్త్రి గారి ఇల్లు. తండ్రికి సంగీతం అంటే శాస్త్రం, కొడుక్కి సంగీతం అంటే జనం. ఇద్దరూ మాట్లాడుకోకుండా ఒకే గదిలో ఉండే సీన్లలో రాజా గారు ఎవరి పక్షమూ తీసుకోలేదు. బాలచందర్ గారు తీశారు, చిరంజీవి గారు తమ్ముడితో కలిసి సొంత సంస్థలో నిర్మించారు, డబ్బులు రాలేదు, జాతీయ అవార్డులు వచ్చాయి. నాకు మాత్రం ఆ ఇంటి నిశ్శబ్దమే గుర్తు. అవును, నిశ్శబ్దం. ఆయన ఎక్కడ వాయించలేదో కూడా వినండి. తంబురా శ్రుతి తప్ప ఇంకేమీ లేనట్టుండే ఆ కాసిని క్షణాల బరువు ముందు పెద్ద ఆర్కెస్ట్రా కూడా తేలికే.


వయొలిన్‌సీత
మంగళవారం, ఉదయం 7:30

ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది. గోదారిగట్టు గారు మొదట రాసిన ఆహ్వానపత్రిక సీను రాత్రి మళ్ళీ చూశాను. అక్కడ కూడా కమల్ ముఖానికి చోటు వదిలి, తర్వాతే సంగీతం ముందుకు వస్తుంది. నటుణ్ణి తోసుకుని ముందు నిలబడదు.


కొత్తచెవులు
మంగళవారం, రాత్రి 8:20

అందరికీ, ముఖ్యంగా బళ్ళారిబాబు గారికి.

పొద్దున్న నాన్న అద్దం ముందు నిలబడ్డారు. ట్యూన్ మొదలుపెట్టారు. నేను ఏమీ చెప్పకుండా వెనక నిలబడి ఫోన్లో పల్లవి అను పల్లవి సంగీతం పెట్టాను. ముందు ప్రకటన అనుకున్నారు, తల తిప్పలేదు. ప్రకటనలో ఆగే చోట ఇది ఆగలేదు. అప్పుడు రేజరు కింద పెట్టేశారు.

1983. బెంగళూరులో నాన్న ఉన్నది ఆ సంవత్సరమేనట. అప్పుడు ఆయనకి కన్నడం రాదు. మెజెస్టిక్‌లో రూమ్మేట్‌తో కలిసి చూశారట, భాష రాకపోయినా మళ్ళీ ఆదివారం ఒక్కరే వెళ్ళి చూశారట. సినిమా పేరు ఎప్పుడో మర్చిపోయారు. ట్యూన్ ఉండిపోయింది.

ఇంకో విషయం. ఆ మలుపు దగ్గర నాన్న పాడేదీ, అసలు ట్యూనూ ఒకటి కాదు. నాన్న పైకి తీసుకెళ్ళి ఆపుతారు, అసలుది కిందికి దిగుతుంది. రెండుసార్లు వెనక్కి జరిపి విన్నారు. "నలభై ఏళ్ళుగా ఇక్కడ తప్పు పాడుతున్నానన్నమాట" అన్నారు. సగం గడ్డానికి నురగ అలాగే ఉంది. తర్వాత దాన్ని సరిగ్గా పాడడానికి ప్రయత్నించారు. రావడం లేదు, పాతదే వస్తోంది.


బళ్ళారిబాబు
మంగళవారం, రాత్రి 8:31

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ ఆదివారం నేనూ అదే ఊళ్ళో ఉండి ఉంటే ఎంత బాగుండేదో.


పాతక్యాసెట్
మంగళవారం, రాత్రి 8:40

భాష రాదు, సినిమా పేరు గుర్తులేదు, కథ గుర్తులేదు. ట్యూన్ మాత్రం ఉంది. సీతగారూ, మీ మాటే నెగ్గింది.


గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 8:55

బాబూ కొత్తచెవులూ, ఒక్క సాయం చెయ్యి. మీ నాన్నగారు తప్పుగా పాడే ఆ ముక్కను ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టు. అసలుది మా అందరి దగ్గరా ఉంది. అది లేదు.